బోణీ క్యాన్

దేశమ్మ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో గురువారం పదింటికి తేలుతుంది. తేల్చేది మేనేజరు కాదు, యజమాని అసలే కాదు. పాల డైరీలో డాక్ మీద, అంటే క్యాన్లు దించే అరుగు మీద, పనిచేసే ఆడవాళ్ళ కమిటీ. ఆ కమిటీ కావాలని గొంతు చించుకుని అడిగి, పట్టుబట్టి పెట్టించుకున్నది కూడా దేశమ్మే. అందుకని ఆమెకు పెద్ద బెంగ లేదు. పై వాళ్ళెవరో తీర్పు చెబుతారంటే నిద్ర పట్టేది కాదుగానీ, తీర్పు చెప్పేది తనతో కలిసి ఒకే గిన్నెలో సంగటి తిన్న మనుషులు. వాళ్ళకు జరిగింది తెలుసు. తెలిసినవాళ్ళు చెబుతారు, చెబితే అయిపోతుంది అనుకుంది. యాభై ఏళ్ళు దగ్గరపడుతున్నా దేశమ్మకు లోకం మీద అంత నమ్మకం మిగిలి ఉండడం విచిత్రమే.

ఆ డైరీ కొండకిందపల్లె రోడ్డు మీద ఉంది. ఉదయం ఆరింటి నుంచి చుట్టుపక్కల పల్లెల పాల క్యాన్లు వ్యాన్లలో వచ్చి డాక్ మీద దిగుతాయి. దిగిన ప్రతి క్యాన్ మూత తీసి, లోపలి నుంచి మొదట తన్నుకొచ్చే గాలిని ముక్కుతో పట్టి, పాలు మంచివో కావో రెండు క్షణాల్లో చెప్పే మనిషి ఒకరుండాలి. పరీక్షల మిషన్లు లోపల ల్యాబ్‌లో ఉన్నాయి, కాదనడానికి లేదు. కాకపోతే అవి తేల్చేసరికి పాలు ట్యాంకులో కలిసిపోయి ఉంటాయి. ఇరవై రెండేళ్ళుగా ఆ ముక్కు దేశమ్మది. ఆవు ముందురోజు ఏం మేసిందో, పాలు పితికినామె చేతులు కడుక్కుందో లేదో కూడా చెప్పేస్తుందని వ్యాన్ల డ్రైవర్లు ఆమె దగ్గర జాగ్రత్తగా ఉండేవారు.

ఏడాదిన్నర కిందట హైదరాబాదు నుంచి మృదుల అనే శాస్త్రవేత్త చిన్న డబ్బా పట్టుకుని దిగింది. డబ్బాలో ఉన్నది అచ్చం స్టిక్కర్ బొట్టులా ఉంది. దాన్ని దేశమ్మ కనుబొమల మధ్య అంటించి, "ఇప్పుడు మూత తీయండి అక్కా" అంది.

దేశమ్మ మూత తీసింది. ఒక్క వాసన రావలసిన చోట పదిహేను వాసనలు విడివిడిగా వచ్చి నిలబడ్డాయి. పచ్చిగడ్డి, రాగి చొప్ప, క్యాన్ అంచుకు మిగిలిన సబ్బు, పాలు పోసిన మనిషి తలకు రాసుకున్న ఆముదం. ఆమె గభాలున రెండడుగులు వెనక్కి వేసింది.

"ముక్కు మెదడుకు పంపే కబురును ఇది వంద రెట్లు పెంచుతుంది" అంది మృదుల, డాక్ గోడకు తగిలించిన చిన్న తెర వైపు చూపిస్తూ. "ఇంకోటి. మీ మనసు ఒప్పుకునేలోపే మీ ముక్కు పడిన అనుమానాన్ని పట్టుకుని, ఇక్కడ అంకె వేస్తుంది. వందకు ఎంత అనుమానమో."

"అయితే నన్నేం చెయ్యమంటావు పాపా? బొట్టే చెప్పేస్తే పాయె గదా."

"బొట్టు సలహా చెబుతుందంతే. నిర్ణయం మీదే. పచ్చ మీట నొక్కితే పాలు తీసుకున్నట్టు, ఎర్రది నొక్కితే తిప్పి పంపినట్టు. మీరు నొక్కిందే ఆఖరి మాట."

మరుసటి వారం మేనేజరు చెంగల్రాయులు షామియానా వేయించి, 'సాధికారత' అని రాసిన బ్యానరు కట్టించి, డాక్ మీది ఎనిమిది మంది ఆడవాళ్ళకు శాలువాలు కప్పాడు. "ఈ రోజు నుంచి మీ మీద సూపర్‌వైజరు ఉండడు. మీకు మీరే అధికారులు, ఆఖరి మాట మీదే" అని కాగితం కూడా రాసిచ్చాడు. చెప్పినట్టే సూపర్‌వైజరు ఖాదర్ బాషాను ప్యాకింగ్‌కు మార్చేశాడు. ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. అప్పటిదాకా వాళ్ళకు కూర్చోవడానికి స్టూలు కూడా లేదు.

మాటకు మాట చెప్పుకోవాలి, ఆ అధికారం ఉత్త శాలువా కాదు. చుట్టూ పది పల్లెల పాలు పోగుచేసే పెద్ద ఏజెంటు ఒకడుండేవాడు. ఎండాకాలం పాలు పులవకుండా సోడా కలిపి పంపేవాడు. దేశమ్మ ముక్కుకు ఆ సంగతి ఏనాటి నుంచో తెలుసు. చెప్పినప్పుడల్లా పైనుంచి ఫోను వచ్చేది, ఖాదర్ బాషా తల వంచుకునేవాడు, పాలు లోపలికి పోయేవి. బొట్టు వచ్చిన నెలకే ఆ ఏజెంటు క్యాన్లు పన్నెండింటికి దేశమ్మ వరసగా ఎర్ర మీట నొక్కింది. మామూలుగానే ఫోను వచ్చింది. చెంగల్రాయులు స్వయంగా దిగి వచ్చి, మనుషుల చేత ఆ క్యాన్లు వెనక్కి లాగించబోయాడు. దేశమ్మ పోయి మొదటి క్యాన్ మీద కూర్చుంది.

"ఆఖరి మాట మాదే అన్న్యావు గదా సార్. నన్ను దించి తీసుకోపో."

క్యాన్లు తిరిగిపోయాయి. ఆ వారమే కమిటీ పెట్టించింది. సెలవులు, షిఫ్టులు, శిక్షలు అన్నీ కమిటీవే. మొట్టమొదటి నియమం తనే చెప్పి రాయించింది. ఒకరు మీట నొక్కాక ఆ క్యాన్ పోయే దారిని ఇంకెవరూ మార్చకూడదు, మార్చినవాళ్ళకు పని ఉండదు. మేనేజర్ల చేతులు కట్టేయడానికి రాయించిన నియమం అది. ఎనిమిది మందీ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది వనజ.

వనజ క్యాన్లు కడగడానికి వచ్చిన పిల్ల. మొగుడు వదిలేసి పోతే ఇద్దరు బిడ్డలతో మిగిలింది. దేశమ్మే ఆమెను నీళ్ళ తొట్టి దగ్గర నుంచి డాక్ మీదికి తెచ్చింది. కళ్ళకు గుడ్డ కట్టి, నిన్నటి పాలు, మొన్నటి పాలు, ఉప్పు వేసిన పాలు ముక్కు దగ్గర పెట్టి, ఆరు నెలలు విద్య నేర్పింది. ఆదివారాలు బిడ్డలతో సహా దేశమ్మ ఇంట్లోనే వాళ్ళ తిండి. "ఈ జన్మకు నువ్వే మా అమ్మ అక్కా" అనేది వనజ. అమ్మా, అక్కా రెండూ ఒకే మాటలో కలిపేసే ఆ పిచ్చి ప్రేమకు దేశమ్మ కరిగిపోయేది.

ఇంట్లో మాత్రం బొట్టు చేసిన నష్టం వేరు. మొదట్లో సాయంత్రం బొట్టు తీసేస్తే గంటలో ముక్కు మామూలయ్యేది. ఆరు నెలలకు తీసినా మామూలవడం మానేసింది. పోపు వేస్తే కళ్ళు తిరిగేవి. మొగుడు ఎల్లప్ప బీడీ వీధి చివర కాల్చి వచ్చినా వాంతి వచ్చినంత పనయ్యేది. ఒకరోజు అతను ఆసుపత్రి నుంచి వచ్చి, "ఏమీ లేదంట, గ్యాసంట" అన్నాడు. దేశమ్మకు అతని చెమటలో ఏదో కొత్త వాసన తగిలింది. తడిసిన ఇత్తడి చెంబు వాసన.

"దేనికి భయపడతా ఉండావు?" అంది.

ఎల్లప్ప జేబులోంచి గుండె పరీక్ష చీటీ తీసి ఇచ్చాడు. మందులతో తగ్గే జబ్బే. కానీ ఆ తర్వాత అతను ఆమె పక్కన కూర్చోవడం తగ్గించేశాడు. "కడుపులో పెట్టుకునేదానికి కూడా మనిషికి ఒక చోటు ఉండద్దా మే?" అన్నాడు ఒకసారి. దేశమ్మకు ఆ మాట గుచ్చుకుంది. భయానికి వాసన ఉంటుందని, అది తనకు తెలుస్తుందని మృదులకు చెబితే, ఆమె ఆశ్చర్యపోయి నోటు పుస్తకంలో రాసుకుంది.

ఇక బోణీ క్యాన్ సంగతి. డాక్ మీద రోజూ దిగే మొదటి క్యాన్‌ను ఎవరూ తిప్పి పంపరు. డైరీ పుట్టిన నాటి నుంచి అంతే. బోణీ కాదంటే ఆ పాలు పోసిన ఇంటి పాడికి చెరుపు అని, డైరీకీ మంచిది కాదని అందరి నమ్మకం. అట్లాగని చెడ్డ పాలు కలిపేసేవాళ్ళూ కాదు. దేశమ్మ తల ఊపేది, ఖాదర్ బాషా క్యాన్ మీద సుద్దతో అడ్డగీత గీసేవాడు. ఆ క్యాన్ మర్యాదగా లోపలికి పోయి, మర్యాదగా పక్క డ్రమ్ములోకి ఒరిగేది. సాయంత్రం పందుల ఫారం వాళ్ళు డ్రమ్ము తీసుకుపోయేవారు. ఎవరి మనసూ నొచ్చేది కాదు, ఎవరి కడుపూ చెడేది కాదు.

సూపర్‌వైజరు పోవడంతో సుద్దముక్క పోయింది. పక్క డ్రమ్ము కూడా పోయింది. మిగిలింది రెండు మీటలు. దేశమ్మ మొదటి నెలలోనే మృదులను కూర్చోబెట్టి విషయం చెప్పింది.

"ఇంకో మీట పెట్టు పాపా. తీసుకున్న్యట్లే ఉండాల, ట్యాంకులో కలపకూడదు."

"తప్పకుండా అక్కా. తర్వాతి మార్పుల్లో పెడతాను" అంది మృదుల. అడిగినప్పుడల్లా అదే మాట. చివరికి ఒకరోజు నీళ్ళు నమిలి, పైవాళ్ళు ఒప్పుకోవడం లేదని చెప్పింది. అధికారం అంటే అవునో కాదో చెప్పడమట, పక్కన పెట్టడం నిర్ణయం కాదట.

ఆడవాళ్ళే తమ దారి తాము వెతుక్కున్నారు. మొదటి వ్యాన్ డ్రైవర్‌తో మాట్లాడి, నమ్మకమైన ఇంటి క్యానే ముందు దించేట్టు ఒప్పందం చేసుకున్నారు. ఏడాది పైన ఆ ఒప్పందం చక్కగా నడిచింది. పోయిన సోమవారం పాత డ్రైవర్ కూతురి పెళ్ళని సెలవు పెట్టాడు. కొత్తవాడు చేతికి అందిన క్యాన్ ముందు దించాడు.

దేశమ్మ మూత తీసింది. ఉప్పదనం ముక్కు మీద కొట్టినట్టయింది. పొదుగు వాచిన ఆవు పాలు. తెర మీద తొంభై ఒకటి పడింది. క్యాన్ మీద పాలు పోసిన ఇంటి నెంబరు చూసింది. ఒకే ఆవు ఉన్న ఇల్లు. చెయ్యి ఎర్ర మీట దాకా పోయి ఆగింది. బోణీ. పచ్చ మీట నొక్కి, ట్యాంకు మూతి దగ్గర నిలబడిన వనజ వైపు తిరిగి, "దాన్ని పక్కకు పెట్టు మే, పొయ్యద్దు" అని కేకేసింది. వనజ తలెత్తి చూసి, సరేనన్నట్టు తల ఊపింది. దేశమ్మ రెండో క్యాన్‌కు వంగింది. వనజ మాత్రం ఆ క్యాన్ పోసేసింది.

మొదట నిండే చిన్న ట్యాంకు పాలు హాస్టళ్ళకు పోతాయి. మరిగించినా చావని విషం ఆ పాలలో ఉందని ల్యాబ్ వాళ్ళు తర్వాత తేల్చారు. ఆ సాయంత్రానికి ముప్పై ఒక్క మంది ఆడపిల్లలు వాంతులతో ఆసుపత్రిలో పడ్డారు. రెండు రోజుల్లో అందరూ తేరుకున్నారు. దేశమ్మ ఆసుపత్రికి పోయి, ఒక్కొక్క మంచం దగ్గర నిలబడి వచ్చింది. ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. తప్పు తనదేనని ఆమెకు తెలుసు. పచ్చ మీట నొక్కింది తన చెయ్యే. కానీ తప్పులో తను చేసినదెంతో, చెయ్యనిదెంతో, అది నిజంగా బయటికి రావాలనుకుంది.

మంగళవారం సాయంత్రం వనజ వచ్చింది. గడపలోనే కూలబడింది. ఆమె ఒళ్ళంతా తడి ఇత్తడి వాసన, ఇల్లంతా నిండిపోయింది.

"నువ్వు చెప్పింది నేను ఇన్న్యా అక్కా. పక్కన పెడదామనే అనుకున్న్యా. ఒకరు మీట నొక్కినాక మార్చకూడదని రూలు గదా. మారిస్తే పని పోతాదని చెయ్యి ఆడలేదు."

"ఆ రూలు రాయించింది నేనే మే. నిన్నేం అన్లేను."

"కమిటీలో చెప్తా. నువ్వు చెప్పినావని చెప్తా. నా బిడ్డల మీద ఒట్టు."

"బిడ్డల మీద ఒట్టెందుకు? చెప్పు, చాలు" అని దేశమ్మ ఆమె తల నిమిరి, తను తినని అన్నం ఆమెకు పెట్టింది. భయం వాసన కొంచెం కొంచెంగా తగ్గడం చూసి సంతోషపడింది.

గురువారం పదింటికి కమిటీ గదిలో ఏడుగురు కూర్చున్నారు. విచారణ ఎవరి మీదో వాళ్ళకు ఓటు లేదు. అది కూడా దేశమ్మ రాయించిన నియమమే. మృదుల తెర పక్కన నిలబడింది. చెంగల్రాయులు గోడవారగా కుర్చీ వేసుకుని, "నాకేం సంబంధం లేదమ్మా, ఇది పూర్తిగా మీ అధికారం" అన్నాడు. సంబంధం లేని మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎందుకు వచ్చాడో ఎవరూ అడగలేదు.

మృదుల తెర మీద అంకె చూపించింది. తొంభై ఒకటి. కింద పచ్చ గుర్తు.

"ముక్కు చెప్పింది. బొట్టు చెప్పింది. ఆమె వినలేదు" అన్నాడు, సంబంధం లేని చెంగల్రాయులు.

"బోణీ క్యాన్ సార్ అది" అంది దేశమ్మ. "మూడో మీట పెట్టమని ఈ పాపను ఎన్నిమార్లు అడిగినానో అడగండి."

అందరూ మృదుల వైపు చూశారు. ఆమె తన నోటు పుస్తకం మూసుకుంది. "అలాంటి అభ్యర్థన ఏదీ రికార్డులో లేదు" అంది.

అది అబద్ధం కాదు. రికార్డు రాసేది ఆమే గనుక నిజం కూడా కాదు. దేశమ్మ ఆ మూసిన పుస్తకం వైపు చూసింది. తన ఇంటి పీట మీద కూర్చుని, తన చేతి రాగిముద్ద తిని, తన మాటలన్నీ రాసుకుపోయిన పిల్ల.

"సరే. మీరు చెప్పండి" అని ఏడుగురి వైపు తిరిగింది. "మీ షిఫ్టుల్లో బోణీ క్యాన్ ఎవురన్నా తిప్పి పంపినారా? ఒక్కరు చెప్పండి."

ఒకరు పైట సర్దుకున్నారు, ఒకరు కిటికీలోంచి బయటికి చూశారు. బోణీ క్యాన్‌కు పచ్చ మీట నొక్కడం చాలా రోజులుగా వాళ్ళంతా చేస్తున్న పనే. ఒప్పుకుంటే ఎనిమిది మందికీ చుట్టుకుంటుంది, బొట్లు పోతాయి, కమిటీ పోతుంది, మళ్ళీ ఒక సూపర్‌వైజరు వచ్చి నెత్తిన కూర్చుంటాడు. దేశమ్మకు అదంతా అర్థమైంది. గది నిండా తడి ఇత్తడి వాసన కమ్ముకుంటోంది.

"వనజా, నువ్వు చెప్పు. పొయ్యద్దని చెప్పినానా లేదా?"

వనజ లేచి నిలబడింది. గొంతు వణకలేదు.

"నాకేమీ ఇనపళ్ళేదక్కా. క్యాన్ల చప్పుడులో నాకేం ఇనపళ్ళేదు. పచ్చ లైటు చూసి పోసినా."

దేశమ్మ చెంగల్రాయులు వైపు తిరిగింది.

"నా ముక్కు మాటే ఆఖరి మాట అని కాగితం ఇచ్చినావు సార్. ఈ గదిలో భయం వాసన గుప్పుమంటా ఉంది. నిజం దాచేవాళ్ళ భయం అది. నా ముక్కు చెప్తా ఉండాది."

"ఆ అధికారం పాల వరకేనమ్మా" అన్నాడు చెంగల్రాయులు. ఎంతో మర్యాదగా అన్నాడు.

ఏడుగురి ముందూ ఏడు జతల మీటలు పెట్టారు. పచ్చ నొక్కితే దేశమ్మ ఉంటుంది, ఎర్ర నొక్కితే పోతుంది. తలలు వంచుకుని నొక్కారు. ఏడూ ఎర్రవే. తర్వాత కమిటీ ఇంకో తీర్మానం చేసింది. దేశమ్మ స్థానంలో డాక్ మీద పెద్ద ముక్కు ఇక నుంచి వనజది. ఆ కాగితం ముందే టైపు చేసి ఉంది.

దేశమ్మ బొట్టు ఊడదీసి బల్ల మీద పెట్టి బయటికి వచ్చింది. నీళ్ళ తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే వెనక నుంచి వనజ పరిగెత్తుకొచ్చి వాటేసుకుంది. భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"మన్నించక్కా. బిడ్డలున్న్యదాన్ని. భయమేసింది అక్కా. భయంతో నిజం నోట్లోంచి రాలేదు."

దేశమ్మకు ఆ మాట ఒక్కటి చాలు అనిపించింది. భయపడిన మనిషిని ఏం చేస్తాం? మొగుడు వదిలేసిన ఆడది, ఇద్దరు బిడ్డలు, చేతిలో ఉన్నది ఈ ఒక్క పని. భయంతో అబద్ధమాడి ఉంటే ఈ పొద్దు గుంకేలోపే క్షమించేస్తుంది, మళ్ళీ ఆదివారం అన్నానికి పిలుస్తుంది. క్షమించడానికి తనే ఆత్రపడుతున్నట్టు ఆమెకు తెలిసింది. వనజను దగ్గరికి పొదువుకుని, మెడ దగ్గర ముఖం పెట్టి, గాలి లోపలికి పీల్చింది.

కొబ్బరినూనె. ఉతికిన చీర. కన్నీళ్ళ ఉప్పు. పొద్దున తాగిన కాఫీ.

ఆమె మళ్ళీ పీల్చింది. ఈసారి కళ్ళు మూసుకుని, నిదానంగా, ఇరవై రెండేళ్ళ పని అంతా అందులో పెట్టి పీల్చింది. మంగళవారం ఇల్లంతా నింపిన ఆ వాసన జాడే లేదు. గదిలోని మిగిలిన ఆరుగురి మీదా ఉంది, మృదుల మీద ఉంది. ఈ పిల్ల ఒంటి మీద లేదు.

దేశమ్మ నెమ్మదిగా ఆమె చేతులు విడిపించింది.

"నువ్వు భయపడలేదు మే" అంది.

వనజ ఏడుపు ఠక్కున ఆగిపోయింది.